బాతులు వెళ్లిపోయే ముందు కొండకర్ల ఆవలో

ఫాల్గుణం సగం దాటేసరికి విశాఖలో పగలు ఉక్కపోత మొదలవుతుంది, తెల్లవారుజామున మాత్రం ఇంకా దుప్పటి లాక్కోవాలనిపిస్తుంది. మా వీధి చివర వేపచెట్టు మీద కోయిల కూయడం మొదలెట్టగానే నాకు కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు మీదకి మనసు పోతుంది. డిసెంబర్, జనవరిల్లో అక్కడికి చాలామంది వెళ్తారు, అప్పుడు బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ మార్చి మొదటి మూడు వారాల్లో ఉండేది వేరే. చలికాలం అంతా ఇక్కడ తిని బలిసిన వలస బాతులు ఇంకా పూర్తిగా వెళ్లి ఉండవు. మన ఊరి పక్షులేమో జతకట్టే రోజుల కోసం రంగులు మార్చుకుంటూ ఉంటాయి. ఈ రెండూ ఒకే నీటి మీద చూడాలంటే ఉగాదికి ముందే వెళ్లాలి.

ఈసారి అమ్మని కూడా తీసుకెళ్లాను. అమ్మ పుట్టింది ఎలమంచిలి దగ్గర పల్లెలో. చిన్నప్పుడు చెరువు గట్టున తిరిగిన మనిషి. సిటీకి వచ్చి ముప్పై ఐదేళ్లయినా పక్షుల పేర్లు మర్చిపోలేదు. నా దగ్గర 8×42 బైనాక్యులర్, ఫోన్‌లో పక్షుల యాప్ ఉన్నాయి గానీ, ఆ రోజు సగం పక్షుల్ని ముందు చూసింది అమ్మే.

కొండకర్ల ఆవ అచ్యుతాపురం మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పటి నుంచి అది అనకాపల్లి జిల్లా కిందకి వెళ్లింది, కానీ విశాఖ వాళ్లకి ఇప్పటికీ అది మన ఆవే. మా ఇంటి నుంచి దాదాపు యాభై కిలోమీటర్లు. మేం సీతమ్మధారలో నాలుగున్నరకి బయల్దేరాం. గాజువాక, కూర్మన్నపాలెం దాటి లంకెలపాలెం దగ్గర హైవే వదిలి పరవాడ మీదుగా అచ్యుతాపురం చేరాం. ఈ దారిలో ఒక మాట గుర్తుపెట్టుకోండి. పరవాడ, అచ్యుతాపురం రెండు చోట్లా ఫ్యాక్టరీలున్నాయి, షిఫ్ట్ మారే వేళకి బస్సులు, బైకులు రోడ్డు నిండా ఉంటాయి. ఐదున్నర లోపు అచ్యుతాపురం జంక్షన్ దాటేస్తే టెన్షన్ ఉండదు. ఆరు దాటితే సూర్యోదయం మీకు కారులోనే అవుతుంది.

సొంత బండి లేనివాళ్లు గాజువాక నుంచి అచ్యుతాపురానికి బస్సులో వచ్చి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. కానీ తెల్లారేలోపు చేరడం కష్టం. అలాంటివాళ్లు ముందు రోజు రాత్రి అనకాపల్లిలో పడుకుని, ఆటో అతన్ని రాత్రే మాట్లాడుకుని ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. అనకాపల్లిలో మామూలు లాడ్జీలు దొరుకుతాయి. ఆవ ఒడ్డున రాత్రి ఉండొచ్చనే ఆశ మాత్రం పెట్టుకోకండి.

మేం చేరేసరికి ఇంకా మసక చీకటే. నీళ్ల మీద పొగమంచు మోకాలెత్తున పాకుతోంది. కారు తలుపు తీయగానే వినిపించింది: వందల గొంతుల సన్నని ఈల. అమ్మ వెంటనే, ‘చిలువలురా’ అంది. విజిల్ వేసే ఎర్ర బాతులు. ఇవి ఎక్కడికీ వలస పోవు, మన దగ్గరే ఉండే బాతులు. రాత్రంతా పొలాల్లో మేసి తెల్లారేసరికి ఆవకి తిరిగొస్తాయి. మా తల మీదుగా గుంపులు గుంపులుగా దిగుతుంటే రెక్కల చప్పుడు కూడా వినబడింది.

ఆవలో తిప్పేది తాటిదోనెల మీద. రెండు తాటిబొదెల్ని తొలిచి, పక్కపక్కన కట్టి, మధ్యలో కూర్చోడానికి చెక్క వేస్తారు. వెనక నిలబడిన మనిషి గెడతో నెడతాడు. ఇంజను లేదు, చప్పుడు లేదు. నీటిమట్టానికి జానెడు ఎత్తులో కూర్చుంటాం కాబట్టి పక్షి కంటికి మన కన్ను సమానంగా ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్లకి ఇంతకంటే కావలసింది లేదు. దోనె అడుగున కాస్త నీరు ఊరుతూ ఉంటుంది. కోసిన ప్లాస్టిక్ సీసాతో తోడేస్తుంటారు. భయపడక్కర్లేదు గానీ, కెమెరా బ్యాగు ఒళ్లోనే పెట్టుకోండి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ అడగండి. మాకు అడిగాకే ఇచ్చారు, అందులో ఒకదానికి బకిల్ లేదు. అమ్మకి బాగున్నది తొడిగించి కూర్చోబెట్టాను. నా ఉద్దేశంలో సొంతంగా ఒకటి కొని తెచ్చుకోవడం మంచిది.

మాకు దొరికిన దోనె మనిషి అరవై దాటినాయన. నేను బాబాయ్ అని పిలిచాను. ధర ముందే మాట్లాడుకున్నాం. ఒక చుట్టు తిప్పడానికి ఒక లెక్క, రెండు గంటలు నెమ్మదిగా పక్షుల కోసం తిరగడానికి వేరే లెక్క. ఆ తేడా మొదటే చెప్పకపోతే అరగంటలో ఒడ్డుకి తెచ్చేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, ఎక్కువమంది వచ్చేది తామరపూలతో ఫొటో దిగడానికే. మేం ‘పిట్టల కోసం వచ్చాం, మీకు తోచిన దారిలో పోనివ్వండి’ అనగానే ఆయన మొహం వెలిగింది.

‘కూకోండమ్మా, కదలకండి. దోనె ఒరిగినా ఏటీ అవదు గానీ పిట్ట లేచిపోద్ది’ అన్నాడు.

ఆకుల మధ్య సన్నటి దారిలోకి దోనె దూరింది. తామరాకులు చెక్క అంచుకి రాసుకుని సరసరమంటున్నాయి. పది నిమిషాల్లో మొదటి తామరకోడి కనిపించింది. పొడుగు తోక తామరకోడి చలికాలంలో చూస్తే గోధుమ రంగులో, చిన్న తోకతో మామూలుగా ఉంటుంది. వానాకాలంలో గుడ్లు పెట్టే వేళకి చాక్లెట్ రంగు ఒళ్లు, తెల్ల రెక్కలు, మెడ వెనక బంగారు పసుపు, వెనక్కి వంగిన పొడవాటి నల్ల తోక వచ్చేస్తాయి. మేం చూసింది మధ్యలో ఉంది. మెడ వెనక పసుపు తేరింది, పొట్ట మీద తెలుపు మధ్యమధ్య నల్ల మచ్చలు పడుతున్నాయి, తోక ఇంకా సగమే పెరిగింది.

మాకు పది అడుగుల దూరంలో అది ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదకి నడిచింది. దాని కాలివేళ్లు ఎంత పొడుగంటే, విప్పితే ఆకులో సగం వరకు పరుచుకున్నాయి. బరువంతా ఆ వేళ్ల మీద చెదిరిపోతుంది కాబట్టే మునగదు. అయినా అడుగు పడగానే ఆకు అంచు కొంచెం దిగి, పల్చటి నీటి పొర ఆకు మీదకి వచ్చింది. దానితోపాటు కొట్టుకొచ్చిన చిన్న పురుగుని పక్షి చటుక్కున ఏరుకుంది. కాలు తీయగానే ఆకు మళ్లీ పైకి లేచి, నీరు బిందువులై దొర్లిపోయింది. ఇదే పని ఇరవై సార్లు చేసుంటుంది, మేం ఇరవై సార్లూ చూశాం.

ఈ పక్షుల్లో ఆడది పెద్దది. ఒక్కో ఆడపక్షి ఇద్దరు ముగ్గురు మగవాళ్లతో జతకట్టి, గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పొదిగేదీ పిల్లల్ని తిప్పేదీ మగదే. ఈ సంగతి అమ్మకి చెబితే, ‘మీ నాన్నగారికి చెప్పాలి’ అని నవ్వింది. బాబాయ్‌కి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ‘తోకపిట్ట మగాడే సాకుతాడు బాబూ, నాను సూసాను. గుడ్లు ఆకుమీదే ఎడతాది’ అన్నాడు. ఆయన ఏ పుస్తకం చదివి చెప్పలేదు.

ఇంకాస్త లోపలికి వెళ్తే గుల్లకొంగలు. ముక్కు రెండు చెక్కల మధ్య సందు ఉండేది వీటికే. ఆ సందుతో నత్తని పగలగొడతాయని చాలామంది అనుకుంటారు. మా ముందే ఒకటి బురదలోంచి నత్తని పైకి తీసి, ఆకుల గుట్ట మీద అదిమిపెట్టింది. కింది ముక్కు మొనని నత్త మూత పక్కగా దూర్చి, తల రెండు మూడు సార్లు వణికించింది. కండ ఊడి వచ్చింది, మింగేసింది. గుల్ల అలాగే పడి ఉంది, పగుల్లేదు. దోనె దగ్గరగా జరిపించి ఆ గుల్ల తీసి చూశాను. లోపల శుభ్రంగా ఖాళీ. పిల్ల కొంగలకి ఈ సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది.

వలస బాతులు ఆవకి అవతలి వైపు, లోతు నీటిలో ఉన్నాయి. బైనాక్యులర్‌లో సూదితోక బాతులు ముప్పై వరకు లెక్కపెట్టాను. కనుబొమ మీద తెల్లటి గీత ఉండే చిన్న బాతులు అంతకంటే ఎక్కువ. యాప్‌లో గార్గనీ అని చూపించింది. యూరప్, ఉత్తర ఆసియా నుంచి చలికి దిగివచ్చేవి ఇవి. అవి కుదురుగా లేవు. తల పైకీ కిందకీ ఊపుకుంటూ, ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ, మాటిమాటికీ చిన్న గుంపు లేచి ఆవ మీద ఒక చుట్టు చుట్టి మళ్లీ దిగుతోంది. ‘ఇంకో అయిదారు రోజులే’ అన్నాడు బాబాయ్. ఎలా తెలుసని అడిగితే, ‘ఆటి తిరుగుడు సూత్తే తెల్సిపోద్ది’ అన్నాడు.

అప్పుడే జరిగింది నాకు బాగా బాధ కలిగించిన పని. ఒడ్డు నుంచి కుర్రాళ్ల గుంపు రెండు దోనెల్లో వచ్చింది, బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు పెట్టుకుని. బాతులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. వేల కిలోమీటర్లు ఎగరబోయే పక్షి కూడబెట్టుకున్న కొవ్వే దానికి దారి ఖర్చు. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత కరిగిపోతుంది. బాబాయ్ వాళ్లని పిలిచి మెల్లగా చెప్పాడు, వాళ్లు పాట ఆపారు కూడా. కానీ బాతులు మళ్లీ దిగడానికి ముప్పావు గంట పట్టింది. ఒడ్డునే స్పీకర్లు వద్దని ఎవరైనా చెప్తే ఇలా జరగదు కదా. తామరపూలు కోయనివ్వకూడదనీ నాకు గట్టిగా అనిపించింది. ఫొటో కోసం ఒక్కొక్కరు చేతినిండా కోసి, ఒడ్డు మీద పారేసి పోతున్నారు.

ఆ రోజు చూసినవాటిలో మిగతావి: ఊదారంగు నీటికోళ్లు లెక్కలేనన్ని, బొల్లికోళ్లు, బుడబుంగలు, నీరుకాకులు, తెల్లటి మెడ మీద నల్ల పట్టీతో చిన్న తెల్ల బాతులు, ఎర్ర కొంగ ఒకటి, రెండు రకాల లకుముకి పిట్టలు, తీగల మీద పసిరిక పిట్టలు. గుడ్డికొంగల్లో ఒకదానికి అప్పుడే వీపు దానిమ్మ రంగు ఎక్కుతోంది. రెల్లు మీదుగా చిత్తడి గద్ద ఒకటి రెక్కలు పైకెత్తి తేలుతూ పోయింది. మొద్దు మీద ఎండ కాచుకుంటున్న తాబేలు, దోనె పక్కనే తల ఎత్తి చూసి మునిగిన నీరుకట్టు పాము కూడా. పాముని చూసి అమ్మ కాళ్లు పైకి లాక్కుంది, ‘ఇసం లేదమ్మా దానికి’ అని బాబాయ్ ధైర్యం చెప్పాడు.

ఒక పక్క మొత్తం గుర్రపుడెక్క కమ్మేసింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క ఎక్కడ పరుచుకుంటే అక్కడ కింద నీటికి వెలుతురు పోదు. తామర, కలువ ఉన్న చోట కనిపించిన పక్షుల్లో నాలుగో వంతు కూడా ఆ పక్కన లేవు.

తొమ్మిదింటికి ఒడ్డుకి వచ్చాం. బాబాయ్ పచ్చి తామరకాయలు రెండు తెంపి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ దోసిట్లో గింజలు వొలుచుకుని, లోపలి చేదు మొలక తీసి, నాకొకటి పెట్టింది. పచ్చి వేరుశనగలా తియ్యగా ఉంది. ఒడ్డున టీ, బిస్కెట్లు తప్ప టిఫిన్ దొరకలేదు. మంచినీళ్లు మీరే తెచ్చుకోవాలి. అన్నిటికంటే ఇబ్బంది, మేం వెళ్లిన వేళకి ఆడవాళ్లు వాడుకోగలిగే మరుగుదొడ్డి దొరకలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి. మేం అచ్యుతాపురం వచ్చి, హోటల్లో ఆ పని కానిచ్చి, పెసరట్టు ఉప్మా తిన్నాం.

మర్నాడు పక్షులు గూళ్లు కట్టుకునే ఊరు తేలినీలాపురం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలో ఉంది, విశాఖ నుంచి నూట అరవై కిలోమీటర్లు పైమాటే. రాత్రి శ్రీకాకుళంలో ఉందామని ఫోన్ మీద రూమ్ చెప్పుకున్నాం. చేరేసరికి ఆ రూమ్ ఇంకెవరికో ఇచ్చేశారు. పెళ్లిళ్ల సీజన్ అన్నారు. ఇంకో లాడ్జిలో దొరికిన గదిలో దోమలు, ఫ్యాను సగం స్పీడు. నిద్ర లేదు. రెండోసారి వెళ్తే నేను ఇలా చేయను. విశాఖ నుంచి పలాస వైపు పాసింజర్ రైలెక్కి నౌపడ జంక్షన్‌లో దిగితే తేలినీలాపురం దగ్గరే, ఆటోలో పోవచ్చు. లేదా టెక్కలిలోనే గది చూసుకుంటాను. ఫోన్ మీద మాట తీసుకోవడం కాక, కొంత డబ్బు ముందే పంపి రసీదు తీసుకుంటాను.

ఊరు మాత్రం ఆ నిద్రలేని రాత్రిని మరిపించింది. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. చలికాలం మొదట్లో వచ్చి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోపు వెళ్తాయి. మార్చిలో చాలా గూళ్లు ఖాళీ అయిపోయాయి, ఆలస్యంగా పొదిగిన కొన్ని పిల్లలు మిగిలాయి. ఒక గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చి, మెడ వరకు మునిగిపోయి, చేప లాక్కుని బయటికి వచ్చింది. తల్లి ఊగిపోయింది. కింద వాకిలంతా తెల్లటి రెట్ట, చేపల నీచు వాసన. ఆ ఇంటావిడ అమ్మతో, ‘వాసన మాకు అలవాటైపోనాది వదినా, అవి ఎల్లిపోతేనే ఊరు బోసిగుంటాది’ అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఎక్కడ చూసినా రాస్తారు, మేం కలిసినవాళ్లూ అదే చెప్పారు. అది నిజం కాదు. మచ్చల ముక్కు గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ దక్షిణాసియా పక్షులే. అసలు గూడు కట్టి పిల్లల్ని చేసుకుంటున్నాయంటేనే ఇది వాటి పుట్టిల్లు. వాననీరు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మన దేశంలోనే తిరుగుతాయి. ఈ తేడా ఎందుకు పట్టుకుంటున్నానంటే, ఎక్కడినుంచో వచ్చిన అతిథులనుకుంటే చలికాలం నాలుగు నెలలు చూసుకుంటే చాలనిపిస్తుంది. అవి మనవే కాబట్టి మిగతా ఎనిమిది నెలలూ వాటి చెరువులు, మడుగులు మిగలాలి. తేలినీలాపురం గూళ్లకి తిండి వచ్చేది నౌపడ చుట్టూ ఉన్న చిత్తడి నుంచే.

తిరిగొస్తూ నౌపడ ఉప్పుమడుల దగ్గర ఆగాం. ఎండ అప్పటికే కళ్లలో గుచ్చుతోంది. ఉల్లంకి పిట్టలు గుంపులుగా పరుగెడుతున్నాయి గానీ, నీటి తళుకులో ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. అక్కడికి సాయంత్రం వెళ్లాలి.

విశాఖలోనే చూడాలనుకునేవాళ్ల కోసం రెండు మాటలు. మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ నగరానికి తాగునీటి జలాశయం కాబట్టి అన్ని వైపులకీ వెళ్లనివ్వరు. వెనక వైపు ఊళ్ల నుంచి గట్టు మీద నిలబడి చూస్తే దూరాన బాతులు, నీరుకాకులు కనబడతాయి, టెలిస్కోప్ లేకపోతే తృప్తి ఉండదు. ముడసర్లోవ రిజర్వాయర్ మీద 2018లో పెట్టిన 2 మెగావాట్ల తేలే సోలార్ పలకలున్నాయి, ఒడ్డు నుంచి అరగంట చూడటానికి బాగుంటుంది, ముఖ్యంగా పిల్లలతో. కంబాలకొండ అడవి, నీటి పక్షుల చోటు కాదు. 2002లో అభయారణ్యమైన ఈ డెబ్భై చదరపు కిలోమీటర్ల కొండలు హైవే పక్కనే ఉండటం మన అదృష్టం. ఆదివారం తొమ్మిది దాటితే జనం. మామూలు రోజున గేటు తీయగానే వెళ్తే ముంగిసలు, చుక్కల దుప్పులు కనబడే అవకాశం ఉంది. కానీ ఒక్క ఉదయమే చేతిలో ఉంటే నేను వీటిలో దేనికీ వెళ్లను, కొండకర్లకే వెళ్తాను. దూరం ఎక్కువైనా సరే, దోనె మీద దొరికే దగ్గరితనం గట్టు మీద దొరకదు.

దోనె మాట్లాడుకునేటప్పుడు కుర్రాళ్లకంటే పెద్దవయసు మనిషిని అడగండి. గెడ నీళ్లలో పడిన చప్పుడు కూడా రానివ్వని చెయ్యి వాళ్లది. బాబాయ్ మాకు రెండున్నర గంటలు తిప్పాడు. మాట్లాడుకున్నదానికంటే ఎక్కువ ఇవ్వబోతే ముందు వద్దన్నాడు, అమ్మ ‘పిల్లలకి ఏదైనా కొనండి’ అని జేబులో పెడితే తీసుకున్నాడు. నా నంబర్ ఫోన్‌లో ఎక్కించమన్నాడు.

వెళ్లొచ్చిన ఎనిమిదో రోజు పొద్దున్నే ఆయన ఫోన్. ‘బాబూ, నిన్న రేతిరి బాతులు ఎల్లిపోనాయి. తెల్లారి సూస్తే ఒక్కటీ నేదు. అమ్మగారికి సెప్పండి. ఆసాడం ఎల్లాక రండి, తోకపిట్ట గుడ్లు ఎడతాది. దూరం నుంచి సూపిత్తాను’ అన్నాడు. అమ్మ పక్కనుండి ఫోన్ తీసుకుని, వస్తామని చెప్పింది.